దుప్పటక్క ఒప్పజెప్పిన వాక్యం

"మళ్ళీ," అంది పంతులమ్మ.

దుప్పటక్క మళ్ళీ లేచింది. నిలబడ్డా కూర్చున్నా ఆవిడ ఎత్తులో పెద్ద తేడా కనబడదు. అయినా లేచిన ప్రతిసారీ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఎదురుగా ఎవరో పెద్దమనిషి కూర్చున్నట్టు కాస్త వంగి, అప్పుడు గానీ నోరు విప్పదు. ఈలోగా పంతులమ్మ ప్రాణం విసిగిపోతుంది.

"ఐ వాజ్ క్లీన్ ది బాత్‌రూమ్..."

"క్లీనింగ్. ఇంగ్, ఇంగ్. చివర ఇంగ్ ఏదీ?"

"ఇంగ్," అంది దుప్పటక్క వినయంగా.

అది హోటల్లో దుప్పట్లు పెట్టుకునే గది. మూడు గోడలకూ అరలు, అరల నిండా తెల్ల దుప్పట్లు, నాలుగో గోడ దగ్గర ఇస్త్రీ యంత్రం. పొద్దున్న ఖాళీ అయిన గదులు సర్దడం ముగిసి, కొత్తవాళ్ళు దిగడం మొదలయ్యేలోగా దొరికే ఆ కాస్త తీరికలోనే పనివాళ్ళకు ఇంగ్లీషు తరగతి. ఎవరూ కుర్చీలు తేరు. మూటల మీద కూర్చుంటారు. మూట మెత్తగా ఉంటుంది కాబట్టి పాఠం మధ్యలో ఎవరో ఒకరికి కునుకు పడుతుంది. ఇస్త్రీ యంత్రం ఆవిరి వదిలినప్పుడు గోడకు ఆనించిన బోర్డు మీది అక్షరాలు చెమ్మగిల్లి జారతాయి. ఇలాంటి చోట ఇంగ్లీషు చెప్పమని ఆ మేనేజరు ఏ ముఖంతో అడిగాడో, తను ఏ బుద్ధితో ఒప్పుకుందో పంతులమ్మకు రోజూ ఒకసారైనా అనిపిస్తుంది.

పాఠం కూడా అలాంటిదే. వెనకటికి ఒక పని జరుగుతూ ఉండగా మధ్యలో ఇంకో పని వచ్చి పడితే దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి. పుస్తకంలో ఉన్న ఉదాహరణల్లో ఎవరో తోటలో పియానో వాయిస్తున్నారు, ఎవరో మంచు మీద జారుతున్నారు. అవి వీళ్ళకు ఎక్కవని పంతులమ్మ తనే కూర్చుని ఒక వాక్యం తయారుచేసింది. ఐ వాజ్ క్లీనింగ్ ది బాత్‌రూమ్ వెన్ ది బెల్ ర్యాంగ్. గంట మోగినప్పుడు నేను బాత్‌రూమ్ కడుగుతున్నాను. హోటల్‌కు తగిన వాక్యం, అందరూ ఎరిగిన పనులు. ఇంతకన్నా తేలికగా చెప్పడం ఎవరి తరమూ కాదనుకుంది.

దుప్పటక్కకు మొదటిరోజే పేచీ వచ్చింది. "నేను బాత్‌రూములు కడగనమ్మా," అంది. "అవి కడిగేవాళ్ళు వేరే. నాది దుప్పట్ల పని."

"ఇది ఉదాహరణండీ. మీరు నిజంగా కడగక్కర్లేదు."

"అయితే దుప్పట్లు మడతపెడుతున్నానని చెప్పనా?"

"మడతపెట్టడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా?"

"తెలీదు. మీరు చెబితే..."

"ముందు ఇది రానివ్వండి. మీ దుప్పట్ల సంగతి తర్వాత చూద్దాం."

లిఫ్టు నడిపే ఆయన్ని అందరూ లిఫ్టు బాబాయి అంటారు. లిఫ్టు వదిలేసి బాత్‌రూమ్‌లో ఎందుకున్నావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి మేడం అని ఆయన అడిగితే మూటల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. పంతులమ్మ నవ్వలేదు. నవ్వితే ఆ పూట పాఠం గంగపాలే. ఎవరైనా ఈ వాక్యమే చెప్పాలి, ఇందులో ఒక్క ముక్క మార్చడానికి వీల్లేదంది.

ఆమె మంచి పంతులమ్మ కాదని ఎవరూ అనలేరు. ఒక్క తప్పును కూడా పోనివ్వదు. మాట నోట్లో ఉండగానే ఆపేసి సరిచేస్తుంది. ఎవరైనా సరిగ్గా చెబితే మాత్రం పొగడ్తలేమీ ఉండవు, తల ఒక్కసారి ఊపుతుంది, అంతే. ఆ తల ఊపు కోసం గదుల పనివాళ్ళు బకెట్లు మోస్తూ కూడా వాక్యం గొణుక్కునేవారు. ఇస్త్రీ మామయ్య ఒక్కడే దాని జోలికి పోలేదు. ఆయన యంత్రం పక్కన నిలబడి దిండు గలేబులు ఇస్త్రీ చేసుకుంటూ, తనను అడిగినప్పుడు చిరునవ్వు నవ్వి ఊరుకునేవాడు. బెల్లం కొట్టిన రాయిలా ఏమిటండీ అది అని పంతులమ్మ ఒకటి రెండుసార్లు కసిరి, ఇక ఆయన్ని వదిలేసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. చేరిన కొత్తలో, ఇంగ్లీషు రావాలంటే ఇంగ్లీషులోనే మాట్లాడించాలని, కనీసం మీ గదిలోనైనా పనివాళ్ళను సొంత భాష మాట్లాడనివ్వకండని ఆమె మేనేజరుకు చెప్పింది. మేనేజరుకు అది తెగ నచ్చేసింది. మర్నాటికల్లా తన గది తలుపుకు బోర్డు తగిలించాడు, లోపల ఇంగ్లీషు మాత్రమే అని. సొంత భాషలో నోరు జారినవాళ్ళను బయటికి పంపేవాడు. అప్పట్నుంచి ఆ గదిలో సణుగుళ్ళు తగ్గిపోయాయని పంతులమ్మను మెచ్చుకున్నాడు కూడా.

ఆ రోజు దుప్పటక్క లేచి, చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకుని, వాక్యం మొత్తం ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఇంగ్ కూడా పడింది. పంతులమ్మ తల ఊపింది. దుప్పటక్క ముఖం ఇంతయింది. ఆ సాయంత్రం అరల్లో దుప్పట్లు పేరుస్తూ ఒక్కో దొంతరకూ ఒకసారి చొప్పున వాక్యం చెబుతోందని, దుప్పట్లకు కూడా ఇంగ్లీషు వచ్చేసేలా ఉందని లిఫ్టు బాబాయి అందరికీ చెప్పాడు.

పంతులమ్మ మర్నాడు వచ్చేసరికి హోటల్లో గొడవగా ఉంది. పై అంతస్తు గది బాత్‌రూమ్‌లో కుళాయి కట్టకుండా వదిలేశారట. నీళ్ళు గడప దాటి, కింద గది కప్పులోంచి కారి, అక్కడ దిగిన పెద్దమనిషి మంచం మీద విప్పి పెట్టుకున్న కోట్లన్నీ తడిశాయి. ఆయన తడి కోటు ఒకటి చేతిమీద వేసుకుని మేనేజరు గదిలో నిలబడి ఉన్నాడు. కోటు కొసల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా తివాచీ మీద పడుతున్నాయి. గదుల పనివాళ్ళు, లిఫ్టు బాబాయి, ఇస్త్రీ మామయ్య, దుప్పటక్క గోడవారగా వరసగా నిలబడ్డారు. మేనేజరు పంతులమ్మను చూసి, సమయానికి వచ్చారు రండి, మీ శిష్యులు ఎలా మాట్లాడతారో మీరే వినండి అన్నాడు. అంత గొడవలోనూ అతని గొంతులో కాస్త గొప్ప ఉంది. యజమాని శనివారం వస్తున్నాడు. ఇంగ్లీషు మాట్లాడే పనివాళ్ళను చూపించాలని అతని ఉబలాటం.

పై గదికి పొద్దున్న దుప్పట్లు పట్టుకెళ్ళింది దుప్పటక్కే కాబట్టి ముందు ఆమెనే పిలిచాడు.

"వాట్ వర్ యూ డూయింగ్ దిస్ ఆఫ్టర్‌నూన్?"

తరగతిలో పంతులమ్మ అడిగే ప్రశ్న అదే. దుప్పటక్క మేనేజరును చూడలేదు, తడి కోటు పెద్దమనిషిని చూడలేదు. తిన్నగా పంతులమ్మ వైపు చూసింది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

"ఐ వాజ్ క్లీనింగ్ ది బాత్‌రూమ్ వెన్ ది బెల్ ర్యాంగ్."

ఒక్క తప్పు లేదు. పంతులమ్మ తల దానంతటదే ఊగింది.

చూశారా, తనే ఒప్పుకుంది అన్నాడు కోటు పెద్దమనిషి. మేనేజరు ముఖం నల్లబడింది. తాళాలు ఇచ్చి వెళ్ళమని, యజమాని వచ్చి తేల్చేదాకా పనిలోకి రావద్దని ఇంగ్లీషులోనే చెప్పాడు. దుప్పటక్కకు అది బోధపడలేదు. పరీక్ష పాసైన ముఖంతో అలాగే నిలబడి ఉంది. మేనేజరు చెయ్యి చాచి నడుముకున్న తాళాల గుత్తిని చూపించాక గానీ ఆ ముఖం మారలేదు. ఇస్త్రీ మామయ్య ఒక అడుగు ముందుకేసి "సార్" అన్నాడు. తలుపుకున్న బోర్డు వైపు చూసి, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

పంతులమ్మకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. కడగడం నా పని కాదని వారం రోజులు ప్రాణం తోడేసిన మనిషి, తీరా చూస్తే కడగడమూ కడిగింది, కుళాయి కట్టడమూ మరిచింది. పైగా ఒప్పుకోవడానికి నా వాక్యమే దొరికిందా అనుకుంది. ఆ మాట అనుకున్నందుకు ఇంటికి వెళ్ళేదాకా సిగ్గుపడుతూనే ఉంది.

మర్నాడు తరగతికి అందరూ వచ్చారు, దుప్పటక్క తప్ప. ఆమె రోజూ కూర్చునే మూట మీద ఎవరూ కూర్చోలేదు. పంతులమ్మకు పాఠం చెప్పబుద్ధి కాలేదు. అయినా ఊరికే ఉండలేక, నీళ్ళు కారిన పూట ఎవరెవరు ఏం చేస్తున్నారో చెప్పమని ఇంగ్లీషులో అడిగింది.

లిఫ్టు బాబాయి లేచాడు. గంట మోగినప్పుడు తను బాత్‌రూమ్ కడుగుతున్నానన్నాడు. ఆయన పక్కన ఉన్నామె కూడా బాత్‌రూమే కడుగుతోంది. ఆ పక్కనున్నవాళ్ళూ అంతే. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. ఎంతో జాగ్రత్తగా, ఇంగ్ ఎక్కడా జారిపోకుండా చెబుతున్నారు.

"బాబాయ్," అంది పంతులమ్మ, ఇంగ్లీషు వదిలేసి. "మీరు ఆ పూట లిఫ్టులో లేరా?"

"లిఫ్టులోనే ఉన్నానండీ. నీళ్ళు కారుతున్నాయని ముందు చూసింది నేనే."

"మరి బాత్‌రూమ్ కడుగుతున్నానన్నారేం?"

"మీరు నన్ను అడిగారా? వాక్యం అడిగారనుకున్నాను."

పంతులమ్మ చాక్‌పీసు కింద పెట్టేసింది.

సాయంత్రం ఆమె దుప్పటక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. సందు చివర ఇరుకు మెట్ల మేడ, పై వాటాలో ఒకటే గది, గదిలోనే ఓ మూల వంట. తలుపు తీసిన కూతురు, ఈమే అమ్మకు ఇంగ్లీషు నేర్పిన మేడం అని తెలిసి ఎగాదిగా చూసి దారి ఇచ్చింది. దుప్పటక్క మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. పంతులమ్మను చూసి గబుక్కున లేవబోయింది.

"మీరు ఆ పూట నిజంగా ఆ బాత్‌రూమ్ కడిగారా?" అని పంతులమ్మ తిన్నగా అడిగేసింది.

దుప్పటక్క లేచి వంటమూలకు వెళ్ళింది. అక్కడి కుళాయి గట్టిగా బిగించి, కిందికి వంగి చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"కట్టేశాననే అనుకుంటున్నానమ్మా," అంది.

"అంటే కడిగారన్నమాట."

"అలాగే చెప్పాను కదమ్మా అక్కడ."

"అక్కడ ఏం చెప్పారో నాకు తెలుసు. జరిగింది అడుగుతున్నాను. అవునా, కాదా?"

"ఏమోనమ్మా," అంది దుప్పటక్క. మళ్ళీ లేచి వెళ్ళి కుళాయి చూసి వచ్చింది.

అవును అనదు, కాదు అనదు. పంతులమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంత దూరం వచ్చి, ఈ మెట్లన్నీ ఎక్కి, అడిగినదానికి సూటిగా ఒక్క మాట రాకపోతే ఈ మనిషికి ఎవరు మాత్రం ఏం సాయం చేస్తారు. టీ పెడతానన్నా వద్దని లేచేసింది. మెట్ల దగ్గర కూతురు వెనకే వచ్చి, ఆ పని పోతే ఈ వయసులో అమ్మను ఇంకెవరూ పెట్టుకోరని, ఇల్లు నడిచేది ఆ పని మీదేనని, నిన్నట్నుంచి అమ్మ అన్నం ముందు కూర్చుని కూడా ఏదో గొణుక్కుంటోందని చెప్పింది. ఆ అమ్మాయి గొంతులో కోపం ఉంది. పంతులమ్మకు దానికీ కోపం వచ్చింది. మీ అమ్మ నోరు విప్పితే కదా అని మెట్లన్నీ దిగేదాకా సణుక్కుంది.

మర్నాడు ఆమె తరగతి వేళకు ముందే హోటల్‌కు వెళ్ళింది. దుప్పట్ల గదిలో ఇస్త్రీ మామయ్య ఒక్కడే ఉన్నాడు. పెద్ద మంచాల దుప్పటి ఒకటి మడతపెట్టడానికి తంటాలు పడుతున్నాడు. ఒక కొస అర కింద ఇరికించి, రెండో కొస పట్టుకుని లాగితే ఇరికించింది ఊడొస్తోంది. దాన్ని మళ్ళీ ఇరికిస్తే ఇటు చేతిలోది జారి నేల మీద పడుతోంది. నేల మీద పడిందల్లా మళ్ళీ ఉతుకుడుకే. పంతులమ్మ కాసేపు చూసి, చూడలేక వెళ్ళి ఆ కొస పట్టుకుంది.

"అలా కాదమ్మా. మూల బొటనవేలి మీదికి రావాలి. ఆఁ, అలా. ఇప్పుడు వెనక్కి."

ఇద్దరూ వెనక్కి నడిచారు. దుప్పటి మధ్యలో బిగిసింది. మళ్ళీ ఎదురెదురుగా నడిచి కొసలు కలిపారు. మామయ్య ఆమె చేతిలోంచి కొస అందుకుని, కింద వేలాడుతున్న మడతను అందుకోమని కళ్ళతోనే చూపించాడు.

"రోజూ ఇది మీరూ దుప్పటక్కగారూ కలిసి చేస్తారా?"

"ఇంకెవరు చేస్తారమ్మా? ఇది ఒక్కరి పని కాదు కదా."

పంతులమ్మ చేతులు ఆగిపోయాయి. "నీళ్ళు కారిన పూట?"

"ఆ పూట భోజనాలయ్యింది మొదలు, మమ్మల్ని పైకి రమ్మని పిలిచేదాకా ఇక్కడే ఉన్నాం. ఒక కొస ఆవిడ చేతిలో, ఒక కొస నా చేతిలో." ఆయన దుప్పటిని పొట్టకు ఆనించి సాపు చేశాడు. "అయినా ఆ పూట ట్యాంకు కడిగారు కదమ్మా. పైన చుక్క నీళ్ళు లేవు. నీళ్ళే లేకుండా బాత్‌రూమ్ ఎవరు కడుగుతారు? ఆ గదిలో దిగినాయనే కుళాయి తిప్పి ఉంటాడు, నీళ్ళు రాకపోయేసరికి అలాగే వదిలేసి బయటికి పోయుంటాడు. తర్వాత ట్యాంకు నిండి నీళ్ళొచ్చేశాయి."

"ఇదంతా అక్కడ ఎందుకు చెప్పలేదు మీరు?"

"ఏ భాషలో చెప్పనమ్మా?" అన్నాడు మామయ్య. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు.

పంతులమ్మ ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసింది. మేనేజరు గదిలో అడుగు పెట్టి, ఆ పూట దుప్పటక్క పై గదికి వెళ్ళనే లేదని గడగడా చెప్పేసింది. మేనేజరు చెయ్యెత్తి ఆపాడు. ఇంగ్లీష్ ప్లీజ్ మేడం, మీరు పెట్టిన రూలే కదా అన్నాడు నవ్వుతూ. ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి బోర్డు ఊడబెరికి అతని బల్ల మీద పెట్టింది. తర్వాత మామయ్యతో, మీకు వచ్చిన భాషలో చెప్పండి అంది. మామయ్య దుప్పటి సంగతీ ట్యాంకు సంగతీ మెల్లగా, వరసగా చెప్పాడు. మేనేజరు ట్యాంకు కడిగేవాళ్ళకు ఫోన్ చేసి అడిగాడు. నిజమేనని తేలాక ఫోన్ పెట్టేశాడు.

"సరే, కడగలేదు. కడగని మనిషి కడుగుతున్నానని ఎందుకు చెప్పింది మేడం?"

"ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. వేరే చెబుతానంటే నేనే చెప్పనివ్వలేదు. ఆ రోజు ఇక్కడ చెప్పగానే తల కూడా ఊపాను."

"మరి ఇన్నాళ్ళూ మీరు నేర్పింది?"

"అదే," అంది పంతులమ్మ. "ఒక్క వాక్యం."

శనివారం యజమానికి ఏం చూపించాలని మేనేజరు తల పట్టుకున్నాడు. తరగతులు ఇక చాలన్నాడు. ఆమె ఊహించిన మాటే. దుప్పటక్కకు కబురు పంపేదాకా కదలనని అతని ఎదుట కుర్చీలో కూర్చుంది. పంపాకే లేచింది.

తర్వాతి రోజు ఆమె తన పాఠాల బోర్డు తీసుకెళ్ళడానికి వచ్చింది. దుప్పటక్క అరల ముందు నిలబడి, తను లేనప్పుడు పేర్చిన దొంతరలన్నీ కూల్చి మళ్ళీ పేరుస్తోంది. మామయ్య ఏదో పని మీద పైకి వెళ్ళాడు. తాళాల గుత్తి మళ్ళీ దుప్పటక్క నడుముకు ఉంది. పంతులమ్మను చూసి మామూలుగా నవ్వి, దుప్పటి కొస ఒకటి ఆమె చేతికి అందించింది. ఇద్దరూ వెనక్కి నడిచారు, దగ్గరికి నడిచారు. మామయ్య అన్నీ చెప్పాడని, మీ తరగతులు పోయాయట కదా అని దుప్పటక్క నొచ్చుకుంది. నా సంగతి వదిలేయండి అంది పంతులమ్మ.

ఇంకో దుప్పటి అందుకున్నారు. పంతులమ్మ ఇక ఆగలేకపోయింది. అడగడంలో పాత విసుగే వచ్చేసింది.

"ఆ పూటంతా మీరు ఈ గదిలోనే ఉన్నారు. మామయ్యగారు మీ ఎదురుగానే ఉన్నారు. అక్కడంటే భయపడ్డారనుకుందాం. మీ ఇంటికి వచ్చి అడిగినప్పుడైనా నాతో చెప్పొచ్చు కదా. కడగలేదని ఒక్క మాట."

దుప్పటక్క చేతిలో కొసను బొటనవేలి మీద సర్దుకుంది.

"కడగలేదనే అనుకున్నానమ్మా మొదట. కానీ మీరు ఎలాంటి మనిషి? ఇంగ్ పోతేనే ఊరుకోరు. నోట్లో మాట నోట్లో ఉండగానే ఆపేస్తారు. ఆ రోజు అంతమంది ముందు నేను చెబితే మీరు ఆపలేదు. తల ఊపారు." ఆవిడ దుప్పటి కొస బిగించి లాగింది. "చదువుకున్నావిడ తల ఊపిందంటే తప్పు ఎందుకు ఉంటుంది? నేనే వెళ్ళి కడిగుంటాను, నేనే మరిచిపోయుంటాను అనుకున్నాను."

"అది ఉత్త ఉదాహరణ," అంది పంతులమ్మ. "మీరు కడగలేదు. అసలు ఆ పూట ఆ గదికే వెళ్ళలేదు. అది తేలిపోయింది."

"అవునటమ్మా. అందరూ అదే చెబుతున్నారు."

దుప్పటక్క మడత పూర్తిచేసి, దుప్పటిని గుండెకు ఆనించుకుని సాపు చేస్తూ, ఎవరికీ చెప్పవద్దన్నట్టు గొంతు తగ్గించింది.

"కానీ ఆ కుళాయి పిడి తిప్పినట్టే ఉందమ్మా నాకు. అది చేతికి చల్లగా తగలడం కూడా గుర్తొస్తోంది."